ముందు శిక్ష, తర్వాత విచారణ

గుంటూరు మిర్చి ఎగుమతిదారుకు విదేశాల నుంచి రావలసిన సొమ్ము ఒక్కోసారి బ్యాంకులోనే ఆగిపోతుంది. సరుకు బాగుంటుంది, కాగితాలూ సక్రమంగానే ఉంటాయి. కొన్నవాడి పేరు ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలోని ఏదో పేరును పోలి ఉంటుంది, అంతే. వేరే మనిషని తేలేదాకా టిక్కీల (మిర్చి బస్తాల) సొమ్ము రాదు. రైతుకూ హమాలీలకూ ఇవ్వడానికి వ్యాపారి అప్పు వెతుక్కోవాలి. పేరు పోలినందుకే ఇంత తిప్పలైతే, నిజంగా జాబితాకెక్కినవాడి గతేమిటి?

1990లలో ఇరాక్ మొత్తాన్నీ దిగ్బంధించి సామాన్యులను మాడ్చారన్న విమర్శ తర్వాతే వ్యక్తులపై ఆంక్షలకు ప్రాధాన్యం పెరిగింది. ఉద్దేశం మంచిదే. అమలు మాత్రం చీకటి గదిలో సాగింది. సౌదీ వ్యాపారి యాసిన్ కాదీ ఆస్తులను 2001లో స్తంభింపజేశారు, ఆధారాలేమిటో చెప్పలేదు. ఆయన వాదన వినకపోవడం హక్కుల ఉల్లంఘనేనని ఐరోపా న్యాయస్థానం 2008లో తీర్పిచ్చినా, ఐరాస జాబితాలోంచి పేరు తీసింది 2012లో. అదే జాబితాకెక్కిన మరో వ్యాపారి యూసెఫ్ నాదాది మరీ విచిత్రం. చుట్టూ స్విట్జర్లాండ్ ఉన్న, రెండు చదరపు కిలోమీటర్లయినా లేని ఇటలీ ముక్కలో, జాబితాతోపాటు వచ్చిన ప్రయాణ నిషేధం వల్ల ఆ వృద్ధుడు ఏళ్ల తరబడి చిక్కుకుపోయారు. స్విస్ దర్యాప్తులో ఏమీ దొరకలేదని 2005లోనే కేసు మూసేశారు. జాబితా మాత్రం 2009 దాకా వదల్లేదు.

ఉగ్రవాదంతో నెత్తురోడిన దేశానికి ఈ సానుభూతి ఎందుకని కొందరు అడగవచ్చు. జైషే మహ్మద్ అధినేత మసూద్ అజర్‌ను జాబితాకెక్కించడానికి మనకు 2019 దాకా పట్టింది. చైనా అడ్డుపడిన ప్రతిసారీ 'సాంకేతిక' నిలుపుదల అన్నారు, సరైన కారణం చెప్పలేదు. నిరపరాధిని బయటికి రానివ్వని ఆ మూసిన తలుపే అపరాధిని లోపలికి పోనివ్వలేదు. జాబితా నుంచి తొలగించాలన్న విన్నపాలను పరిశీలించే స్వతంత్ర అంబుడ్స్‌పర్సన్‌ను భద్రతామండలి 2009లో ఏర్పాటు చేసింది. ఆ సదుపాయం అల్‌ఖైదా, ఐసిస్ జాబితాకే పరిమితం.

మన ఇంటి సంగతీ చూడాలి. బెజవాడలో టిఫిను బండివాడి ఖాతాలో సైబర్ మోసగాడి సొమ్ము రెండు వందలు పడితే, ఏ రాష్ట్రం పోలీసులో రాసిన లేఖతో ఖాతా మొత్తం బిగుసుకుపోతుంది. అనుమానిత మొత్తాన్నే ఆపాలని కేరళ హైకోర్టు 2023లోనే చెప్పింది. ఖాతా ఆపిన రోజే ఏ స్టేషన్, ఏ కేసు, ఎంత సొమ్ము అన్నది బ్యాంకు రాసివ్వాలి. మండలిలో శాశ్వత స్థానం కోరుతున్న భారత్, అంబుడ్స్‌పర్సన్‌ను అన్ని జాబితాలకూ వర్తింపజేయాలనీ, పేరు ఎక్కించినా ఆపినా కారణం బయటపెట్టాలనీ అక్కడ పట్టుబట్టాలి.