బయాలజిక్ వైద్యం: రెండో ఏడాది ఖర్చు మొదటి రోజే లెక్కేయాలి

జీవకణాల్లో తయారయ్యే ప్రొటీన్ మందులే బయాలజిక్‌లు. వాటిని పోలిన నకలు మందులు, అంటే బయోసిమిలర్లు వచ్చాక ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ అనే బయాలజిక్‌ల ధరలు దిగాయి. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను 2014 డిసెంబరులో తెచ్చింది మన దేశపు జైడస్ సంస్థే. అయినా క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాలిక పేగువాపు జబ్బుల రోగుల్లో మూడు డోసులకే ఆగిపోయేవారికి కొదవ లేదు. కడుపు కుదుటపడే సరికి చేతిలో డబ్బు అయిపోతుంది.

లెక్క చూడండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకు 5 మి.గ్రా. అరవై కిలోల మనిషికి 300 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. వయల్స్ (మందు సీసాలు) మూడు. 0, 2, 6 వారాల్లో, ఆపై ప్రతి 8 వారాలకు. తొలి ఏడాది ఎనిమిది సార్లు, 24 వయల్స్. తర్వాత ఏటా దాదాపు 20. మందు పట్టు సడలితే డోసు కిలోకు 10 మి.గ్రా.కు పెంచాల్సి రావచ్చు, బిల్లు రెట్టింపవుతుంది. మొదటి డోసు ధర ఒక్కటే చెప్పి పంపడం రోగికి చేసే అన్యాయం.

'ఈసారికి రెండు నెలలు ఆగుదాం' అనుకుంటేనే ముప్పు. ఇది ప్రొటీన్ మందు. రక్తంలో దాని మట్టం పడిపోతే శరీరం దాన్ని పరాయిదిగా పట్టుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. విరామం తర్వాత ఎక్కించినప్పుడు పనిచేయకపోవచ్చు. దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం కూడా జరగవచ్చు. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ అనే మందు జతచేస్తే ఈ బెడద తగ్గుతుంది. 2010 నాటి సోనిక్ అధ్యయనంలో స్టెరాయిడ్ అవసరం లేకుండా 26 వారాలకు కోలుకున్న క్రోన్స్ రోగులు జంట మందులతో 57 శాతం, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కదానితో 44 శాతం. అయితే ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో మార్పు ఉన్నవారిలో అజాథయోప్రిన్ తెల్లకణాలను కూల్చేస్తుంది. తొలి వారాల్లో రక్తపరీక్ష తప్పించకూడదు.

బ్రాండు మారిస్తే? నార్వేలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడుతున్న పలు వ్యాధుల రోగులు 482 మందిపై జరిగిన నార్-స్విచ్ అధ్యయనంలో ఏడాదిలో వ్యాధి ముదిరినవారు పాత మందుతో 26 శాతం, బయోసిమిలర్‌కు మారాక 30 శాతం. ఇంతవరకు తేడా ఉన్నా ఫర్వాలేదని ముందే పెట్టుకున్న హద్దులోపలిదే ఇది. క్రోన్స్ రోగులను విడిగా చూస్తే మాత్రం పాత మందుతో 21 శాతం, మారాక 36 శాతం అనే తేడా కనిపించింది. ఒక్కో వ్యాధిని విడిగా తేల్చేందుకు ఆ అధ్యయనం సరిపోదు, పొడిగింపులో ఆ తేడా నిలవలేదు. కాబట్టి ఒకసారి మారడానికి భయపడక్కర్లేదు. కానీ దుకాణంలో దొరికిందల్లా మార్చి మార్చి ఎక్కించుకుంటే ఏది వికటించిందో తెలియదు. బ్రాండు, బ్యాచ్ నంబరు ఫైల్లో రాయించాలి.

క్షయ మన దగ్గర వేరే కథ. చిన్నపేగు చివర వచ్చే క్షయ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. పొరపడి బయాలజిక్ ఇస్తే ఆ క్షయ ఒళ్లంతా పాకుతుంది. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, దాగి ఉన్న క్షయను పట్టే ఇగ్రా రక్తపరీక్ష లేదా మాంటూ చర్మపరీక్ష, హెపటైటిస్-బి పరీక్ష చేయాలి. అన్నీ నెగెటివ్ వచ్చినా, ఆ తర్వాత సాయంత్రపు జ్వరం, తగ్గని దగ్గు, బరువు తగ్గడం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి పరీక్షించాలి.

డబ్బు అందదని తెలిస్తే డోసు ఎగ్గొట్టకముందే డాక్టరుకు చెప్పండి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగువాపును తెలిపే ప్రొటీన్), కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్ష) చూసి, అజాథయోప్రిన్ కొనసాగిస్తూ పద్ధతిగా ఆపే దారి కొందరికి ఉంటుంది. బాగా కుదుటపడిన క్రోన్స్ రోగుల్లో అలా ఆపి చూసిన స్టోరి అధ్యయనంలో ఏడాదిలో 44 శాతం మందికి తిరగబెట్టింది. మళ్లీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే వారిలో ఎక్కువమందికి పనిచేసింది.