మచ్చ లేని మనిషే కావాలంటే ఎలాగండీ?

"ఈ రోజుల్లో ఆదర్శంగా చెప్పుకోడానికి ఒక్కరూ లేరు" అని మీ పోస్టులో రాశారు, మరీ అంత నిరాశ దేనికండీ. మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడే 1894లో పుట్టిన వి.వి.గిరి గారినే చూడండి, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో కేంద్ర మంత్రి పదవే వదిలేశారు, అదే మనిషి రాష్ట్రపతి అయ్యాక ఇందిర ప్రభుత్వం పంపిన ప్రతిదాని మీదా సంతకం పెడతారని, రబ్బరు స్టాంపని అనిపించుకున్నారు. రెండూ ఆయనే. నాకైతే ఆ రాజీనామా అంటే ఇప్పటికీ గౌరవమే.

మా వీధిలో ఒక మాస్టారు ఉండేవారు. మహా కోపిష్టి, నా వీపే సాక్షి. కానీ ఒడియా బడికి వెళ్లే మాలాంటి పిల్లలందరికీ సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా తెలుగు అక్షరాలు దిద్దించారు. ఈ కామెంటు తెలుగులో రాస్తున్నానంటే ఆయన చలవే.