ఓ షిఫ్ట్ ఆగాలి

మా నాన్నగారు వైజాగ్ స్టీల్ ప్లాంట్లో బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుము కరిగించి తీసే కొలిమి దగ్గర డ్యూటీ చేసేవారు, అక్కడ మొదటి రెండు ఫర్నేసులకి గోదావరి, కృష్ణ అని మన నదుల పేర్లే. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుని ఆయన చెప్పే మాట నాకింకా గుర్తు, "పైన వేసే కోక్ బొగ్గు మార్చేం అనుకో, కింద వచ్చే హాట్ మెటల్, అదే కరిగిన ఇనుములో తేడా తెలియడానికి ఓ షిఫ్ట్ పట్టేస్తాది రా, ఈలోగా ఏం అవలేదని ఇంకో రెండుసార్లు మార్చేస్తే వచ్చే షిఫ్ట్ వాళ్ళ కొంప మునుగుతాది." ఆ తర్వాత నా పీహెచ్‌డీ, ఉద్యోగం అన్నీ ఆ ఆలస్యం మీదే, కంట్రోల్ థియరీ వాళ్ళం దాన్నే టైమ్ డిలే అంటాం. ఈక్వేషన్లో డిలే చేరిందంటే నాలుగైదు రూట్లు (మూలాలు) చూసుకుంటే సరిపోయే చోట అనంతం రూట్లు వచ్చి కూర్చుంటాయి. 1957లో ఒట్టో స్మిత్ అనే ఇంజనీరు చెప్పిన ఉపాయం ఏంటంటే, ప్లాంట్ ఎలా నడుస్తుందో చెప్పే లెక్కల మోడల్ ఒకటి, దాన్ని నడిపే కంట్రోలర్లోనే పెట్టుకుని, ఇప్పుడు చేసినదానికి రేపు ఏమొస్తుందో ముందే లెక్కేసుకోవడం. మోడల్ తప్పయితే మాత్రం దెబ్బే.

మొన్న సెలవులకి ఎంవీపీ కాలనీలో పిన్ని వాళ్ళింటికి వెళ్తే కూతుర్ని ఇంజనీరింగ్‌లో చేర్చబోతున్న చెల్లి అడిగింది, "అన్నయ్యా, ఈ ఏడాది ఏ బ్రాంచ్‌కి ప్లేస్‌మెంట్లు బాగున్నాయి?" ఈ ఏడాది ఉద్యోగాలొచ్చినవాళ్ళు నాలుగేళ్ళ కిందట చేరినోళ్ళు, నీ కూతురు బయటికొచ్చేది ఇంకో నాలుగేళ్ళకి, అంత పాత రీడింగ్ చూసి ఊరంతా ఒకేసారి ఒకే బ్రాంచ్‌కి ఎగబడుతుంటే ఊగిసలాట రాకుండా ఎలా ఉంటుంది అన్నాను. మేనకోడలికి వాళ్ళ గీజరే చూపించాను, అది మేడ మీద, కుళాయి కింద, వేడి రాలేదని ఇంకా తిప్పుతాం, తీరా వచ్చాక ఒళ్ళు కాలుతుంది. అంతా విని ఆ పిల్ల, "మావయ్యా, పైపు ఎంత పొడుగుంటే ఇంక ఎలా తిప్పినా కుదరదు?" అంది. నా మొదటి పేపరు సరిగ్గా ఆ ప్రశ్న మీదే, దానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

అందుకే అడుగుతున్నా, మన అసోసియేషన్ స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికి ఇచ్చి "రిజల్ట్ ఏది" అనడం రీసెర్చ్ చేసే పిల్లలకి పనికిరాదు. వైజాగ్‌లో లెక్కలో, కంట్రోలో చేస్తానన్న ఒక్కరికి అయిదేళ్ళు వరసగా ఇద్దాం, మధ్యలో ఆపొద్దు. మొదటి రెండేళ్ళ డబ్బు నేను వేస్తాను, మిగతా మూడేళ్ళకి ఎవరైనా ముందుకి రండి.