ముందుగా, వెనక నుంచి వచ్చే బండిని ఆపండి

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారిపై బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. పోలీసులు తేల్చిన ప్రకారం అది రెండో ప్రమాదం. అంతకు కొద్దిసేపటి ముందే డివైడర్‌ను ఢీకొన్న ఒక మోటారు సైకిల్ రోడ్డు మీద పడి ఉంది. నడిపిన యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. బండిని పక్కకు తీసేలోపే బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది. నిప్పు అక్కడే పుట్టింది. ఆ తర్వాత చర్చంతా పర్మిట్లు, స్లీపర్ బెర్తులు, అత్యవసర ద్వారాల చుట్టూ తిరిగింది. అవన్నీ తేలాల్సినవే. చీకట్లో రోడ్డుకు అడ్డంగా పడి ఉన్న బండి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

మన పత్రికల జిల్లా పేజీల్లో ‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’ అన్న శీర్షిక కనిపించని వారం అరుదు. కారు డ్రైవర్‌కు నిద్ర పట్టిందని రాసి ఊరుకుంటాం. కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ లెక్క వేసి చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఎదుట ఏదో ఉందని గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడితే 42 మీటర్లు దాటిపోతాం. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గట్టిగా తొక్కినా బండి ఆగడానికి ఇంకో 55 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 100 మీటర్లు. డిమ్ లైటు వెలుగు చాలా బళ్లకు అందులో సగం దూరానికి మించి పనికిరాదు. మెలకువగా ఉన్నవాడికీ ఆగే వీలు లేదన్నమాట.

ఆగిన లారీ కనబడాలంటే వెనక ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు మెరవాలి. ఆ టేపు ఉంటుంది, దాని మీద బురద పేరుకుని ఉంటుంది. లేదా వేలాడే టార్పాలిన్ కప్పేస్తుంది. గడ్డి, పత్తి లోడైతే వెనక లైట్లు కూడా కనిపించవు. ట్రాక్టర్ ట్రక్కుల సంగతి చెప్పనక్కర్లేదు. లారీ వెనక కింద ఉండాల్సిన అడ్డ కడ్డీ వంగిపోయో, ఊడిపోయో ఉంటే కారు బానెట్ లారీ కిందికి దూరిపోతుంది. అప్పుడు లారీ బాడీ అంచు నేరుగా ముందు అద్దానికే తగులుతుంది. ఎయిర్‌బ్యాగులున్నా ఆదుకోవు. ఫిట్‌నెస్ తనిఖీలో ఒక తడిగుడ్డ, ఒక టార్చిలైటు చాలు, ఈ రెండూ తేలిపోతాయి.

బ్రేక్‌డౌన్ అయితే మన లారీవాళ్లు వెనక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెడతారు. రాళ్లు లారీకి పది అడుగుల్లోనే ఉంటాయి. రిపేరయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉండి తెల్లారేలోపు ఏ బైకునో పడగొడతాయి. బండితోపాటు ఇచ్చిన ఎర్ర హెచ్చరిక త్రికోణమేమో డిక్కీలో స్టెప్నీ కింద, కవరు కూడా విప్పకుండా ఉంటుంది. హైవే మీద దాన్ని పెట్టాల్సింది బండికి కనీసం వంద అంగలు నడిచినంత దూరంలో. మలుపో, వంతెన దిగుడో ఉంటే అంతకంటే ముందు.

ప్రమాదం చూసి ఆగినవారికీ ఇదే మొదటి పని. మీ బండిని రోడ్డు అంచు దాటించి ఆపి నాలుగు ఇండికేటర్లూ వేయండి. త్రికోణం పట్టుకుని, రోడ్డు బయటి నుంచే, వచ్చే బళ్లకు ఎదురుగా నడవండి. ఒకరు ఫోను టార్చి ఊపుతూ అక్కడే ఉండాలి. కదలగలిగిన వారందరినీ రెయిలింగ్ అవతలికి పంపండి. రెండు బళ్ల మధ్య ఎవరూ నిలబడకూడదు. సెల్ఫీల గుంపు చేరేది సరిగ్గా అక్కడే! ఇంజిన్ ఆపి తాళం తీయండి, పెట్రోలు కారుతుంటే బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. 108కి, జాతీయ రహదారైతే 1033కి కూడా ఫోను చేసి, పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరి వైపు వెళ్లే దారో చెప్పండి. ‘ధాబా దగ్గర’ అంటే అంబులెన్స్ ఎదుటి దారిలోకి వెళ్లి, మళ్లీ యూటర్న్ కోసం వెతుక్కోవాలి.

రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ మడిచి అరచేత్తో అదిమిపట్టండి. ఆగిందేమోనని మాటిమాటికీ తీసి చూడొద్దు. గుడ్డ తడిస్తే పైన ఇంకొకటి వేయండి. నీళ్లు తాగించొద్దు, స్పృహలో లేనివారికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మంటల భయం ఉంటే తప్ప మెడ, నడుము కదిపి లాగొద్దు.

కేసుల భయం అక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్, దాని కింద చేసిన నిబంధనల ప్రకారం, సాయం చేసినవారు పేరు చెప్పాలని పోలీసులుగానీ ఆసుపత్రిగానీ బలవంతపెట్టకూడదు. క్షతగాత్రులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్సను కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఈ సంగతి అంబులెన్స్ ఎక్కించేటప్పుడే బంధువులకు చెప్పేవారుండాలి.

మిగిలింది పోలీసులు, టోల్ నిర్వాహకుల వంతు. పంచనామా కోసం నుజ్జయిన బళ్లను గంటల తరబడి లేన్‌లోనే ఉంచడం మానాలి. నాలుగు వైపులా ఫొటోలు తీసి, చక్రాల చోటు సుద్దతో గుర్తుపెట్టి క్రేన్‌తో పక్కకు జరపడానికి ఎంతసేపు పడుతుంది? టోల్ గస్తీ వాహనం పోతూ పోతూ, ధాబాల ముందు రోడ్డంచున వరస కట్టిన లారీలను రాత్రి పదింటికే కదిలించాలి. అవి ఏ టోల్ పరిధిలో ఎన్నిసార్లు దొరికాయో ప్రతి నెలా బహిరంగంగా ప్రకటించాలి.