నా జబ్బు మరీ ఇంత చవకా!

పదహారేళ్లుగా షుగర్‌ని పెంచి పోషిస్తున్నాను. మా ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ. పొద్దున్నే వేలికి సూది గుచ్చి ముందు దాని క్షేమం కనుక్కుంటాం. ఆ తర్వాతే నాకు కాఫీ, అదీ దానికి నచ్చినట్టు చప్పగా. పెళ్లి భోజనాల్లో బూరెల పళ్లెం నా విస్తరి దగ్గరికి రాకముందే అవతలి బంతిలోంచి మా ఆవిడ కేక వినిపిస్తుంది, "ఆయనకి వద్దండీ!" అని. ఇన్నేళ్ల సంసారంలో ఆమె నన్ను ఇంత శ్రద్ధగా గమనించే సందర్భం మరొకటి లేదు.

అలాంటి జబ్బుకి కెనడా ప్రభుత్వం ఇటీవల ధర కట్టింది. ఆ అవమానం నుంచి నేనింకా తేరుకోలేదు.

పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వత నివాసానికి, పెట్టుకున్నవాళ్లు మెడికల్స్‌కి వెళ్లాలి. ఇది ఆరోగ్య పరీక్ష అని చాలామంది అమాయకంగా నమ్ముతారు. నిజానికి ఇది పద్దుల పరీక్ష. అంటువ్యాధి ఉందా, మీవల్ల ఎవరికైనా ప్రమాదమా అని చూసే మాట నిజమే. ఆపైన మూడో ప్రశ్న ఒకటుంది: రాబోయే ఏళ్లలో మీ ఒంటికి మా ఖజానా నుంచి ఎంత పెట్టాలి? దానికో గీత గీశారు. 2017లో ఆ గీత ఏడాదికి 6,655 డాలర్లు. గీత దాటినవాడు 'మితిమీరిన భారం'. 2018 జూన్ 1 నుంచి దాన్ని మూడింతలు చేశారు. అంటే మే 31 రాత్రి పది వేల డాలర్ల జబ్బుతో, దేశానికి భారంగా పడుకున్న మనిషి తెల్లారేసరికి చక్కటి కాబోయే పౌరుడిగా నిద్రలేచాడన్నమాట. వైద్య చరిత్రలో ఇంత వేగంగా పనిచేసిన మందు లేదు. 2025 లెక్కన ఆ గీత 27,162 డాలర్లు. కూరగాయల ధరల్లాగే జబ్బు మనుషుల ధరా ఏటా పెరుగుతోంది, సంతోషం.

మెడికల్స్ అనగానే ఇంటిల్లిపాదీ సన్నాహాల్లో పడ్డారు. మెంతుల నీళ్లు, కాకరకాయ రసం, వాట్సాప్‌లో బాబాయిలు పంపిన ఆకులు. ముందురోజు ఉపవాసం ఉంటే సరిపోతుందని మా బావమరిది ధైర్యం చెప్పాడు. కానీ హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గడుసుది. దానికి ఈ పూట సంగతి పట్టదు, రెండు మూడు నెలల చిట్టా విప్పుతుంది. ఎవరూ చూడలేదనుకుని మేనకోడలి సీమంతంలో తిన్న రెండు అరిసెలూ అందులో నమోదై ఉంటాయి. చిత్రగుప్తుడైనా ఇంత నిక్కచ్చిగా రాస్తాడని నేననుకోను.

ఆ రోజు పాస్‌పోర్ట్ చూశారు, ఫొటో తీశారు, చేతికో చిన్న కప్పు ఇచ్చారు. వెనక ముడి పడని గౌను తొడిగి ఎక్స్‌రే తీశారు. ఆఖర్న డాక్టరుగారు అడిగారు, "ఏమైనా జబ్బులున్నాయా?" నాలుగు సంబంధాలు కుదిర్చిన అనుభవంతో "అబ్బే, గుండ్రాయిలా ఉన్నాను" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇక్కడ అబద్ధం దొరికితే ఐదేళ్లు దరఖాస్తు చేసుకోకుండా నిషేధం. షుగర్ ఉందంటే ఫరవాలేదట, లేదంటేనే నేరమట. మన పెళ్లి సంబంధాల్లో సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది కదా, కాసేపు తికమకపడి నిజం చెప్పేశాను.

పాసయ్యాను. ఇంట్లో పాయసం వండారు, నాకు తప్ప అందరికీ. నాకు మాత్రం లోపల ఏదో కలుక్కుమంది. పదహారేళ్ల నా తపస్సు, మూడు పూటలా మాత్రలు, రాత్రి ఇన్సులిన్ పెన్ను, ఇవన్నీ కలిపినా ఆ గీత దరిదాపులకి కూడా రాలేదా? అసలు ఆ ఇన్సులిన్ పుట్టిందే టొరంటోలో, 1921లో. కనిపెట్టినవాళ్లు పేటెంటుని ఒక్కో డాలరు చొప్పున అక్కడి విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. లెక్కలు రాని మనుషులు! ఇవాళ ఇమిగ్రేషన్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి కూడా పనికిరారు.

మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి ఫైలు ఆ గుమాస్తా చేతికి చిక్కితే ఏమయ్యేదో. భీమవరంలో పుట్టిన మనిషి. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరినీ పొట్టన పెట్టుకుంది, ఆయన్నీ చావు అంచుదాకా తీసుకెళ్లింది. అప్పుతో, అరువుతో ఓడెక్కి బోస్టన్‌లో దిగాడు. కుటుంబ చరిత్ర, సొంత చరిత్ర, జేబు చరిత్ర, మూడూ 'భారం' అనే మాటకి అతికినట్టు సరిపోతాయి. ఆయన బృందం చేసిన పనిలోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆ మాత్ర వేసుకునే కీళ్లవాతం మనిషి రేపు మెడికల్స్‌కి వెళితే దాని ఖరీదూ పట్టికలోకి ఎక్కుతుంది. పట్టికలో ఖర్చుకే గడి ఉంది, రాబడికి లేదు.

మా పెదనాన్నగారి అబ్బాయి సంగతి చెప్పాలి. పీఆర్‌కి లెక్కపెట్టే పాయింట్లు నాకంటే ఎక్కువ, ఇంగ్లిష్‌లో మార్కులు ఎక్కువ, వదిన లెక్కల టీచరు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకరు గీత దాటితే ఇంటిల్లిపాదీ ఆగిపోవాలి కాబట్టి నలుగురికీ కలిపి ఒకే ఉత్తరం వచ్చింది. దాని పేరులోనే 'ఫెయిర్‌నెస్', అంటే న్యాయం, అని ఉంది, మర్యాదకేం లోటు లేదు. ఇదే అన్నయ్య ఏ కెనడా పౌరురాలికో మొగుడై ఆమె స్పాన్సర్‌షిప్ మీద వెళితే ఖర్చు లెక్క వర్తించదు. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు అన్నవాళ్లు మూత్రపిండాల గురించి కూడా ఆలోచించే ఉంటారు. వదినకి ఇంకా చెప్పలేదు.

మనమూ ఒక గీత గీద్దామని నా మనవి. డిసెంబర్‌లో విదేశాల నుంచి దిగే మనవాళ్ల పళ్లని శంషాబాద్‌లోనే లెక్కపెట్టాలి. రెండు రూట్ కెనాళ్లకి మించి పట్టేలా ఉంటే మితిమీరిన భారం కింద వచ్చిన విమానంలోనే తిప్పి పంపాలి. అత్తవారింటికి వచ్చే అల్లుళ్లకి మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చు.

మొన్న అన్నయ్యే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నీది ఎంతకి పోయింది?"

"చెప్పలేదన్నయ్యా. పాస్ అన్నారంతే."

"నాది చెప్పారురా. గీతకి రెండింతల పైన." గొంతులో కాస్త గర్వం వినిపించింది. "మన వంశంలో ఇంత ధర పలికినవాడు లేడు. మా మావగారు కూడా కట్నం దగ్గర ఇంత ఇవ్వలేదు. సరే ఉంటాను, మెషీన్ ఖాళీ అయిందట, పిలుస్తున్నారు."