పొడవు పెంచే పొడి

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాటు వంటింటి గుమ్మానికి పెన్సిలు గీతలున్నాయి. మా ఎనిమిదేళ్లవాడి ఎత్తు ప్రతి నెలా ఒకటో తారీఖున అక్కడ నమోదవుతుంది. టీవీ ప్రకటనలో పిల్లాడు పొడవు పెంచే పొడి కలిపిన పాలు ఒక్క గ్లాసు తాగి అరనిమిషంలో బాస్కెట్‌బాల్ బుట్ట అందుకుంటాడు. మావాడు మూడేళ్లుగా తాగుతున్నా బిస్కెట్ల డబ్బా కోసం స్టూలెక్కుతున్నాడు. తప్పు పొడిది కాదు. స్టూలుదని నా గట్టి నమ్మకం.

మొన్న మదనపల్లె నుంచి వచ్చిన మా అత్తగారు ఆ పొడి డబ్బాను వెనక్కి తిప్పారు. మర్యాదేనా ఇది? ముందువైపు ఎముకల బొమ్మా, ఎగిరే పిల్లాడూ ఉండగా వెనక చీమతలకాయంత అక్షరాలు చదువుతారా ఎవరైనా?

"నూరు గ్రాముల్లో మూడో వంతు చక్కెరేనంట బాబూ! అదేదో పాలల్లో మనమే వేసుకుంటే డబ్బులైనా మిగిలేవి కదా."

ఆమెకేం తెలుసు? చక్కెర పాలు తాగించానని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎలా చెప్పుకోను? పైగా కంపెనీవారు చెప్పింది పూటకు 20 గ్రాములే. మావాడు గోపురంలా మూడు చెంచాలు వేసుకుని, నాలుగోది ఉత్తదే నాకితే, అది కంపెనీ తప్పా?

ప్రభుత్వానికీ ఈ మధ్య ఓపిక తగ్గింది. ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' వరుసలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదట. లేని ఆరోగ్యాన్నే ఇన్నేళ్లూ కలుపుకుని తాగామన్నమాట! ఓ పెద్ద కంపెనీ వెంటనే తన విభాగానికి 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్' అని కొత్త నామకరణం చేసింది. జాతకం బాగోలేనప్పుడు పేరు మార్చుకోవడం మన ఆచారమేగా.

ఇక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ మరీ మొండి. తీపి పానీయాల మీద 'ఓఆర్ఎస్' అని, అంటే విరేచనాలప్పుడు పట్టే మందు ద్రావణం పేరు, రాయడమేంటని ఏళ్ల తరబడి పోరాడి, 2025 అక్టోబరులో ఆ మాట తీయించేశారు. విరేచనాలైన బిడ్డకు చక్కెర నీళ్లు పట్టడంలోని కళాత్మకత ఆమెకు అర్థంకాలేదు.

ఇప్పుడు స్కూళ్లూ చేరాయి ఈ జట్టులో. సీబీఎస్ఈ 2025లో చెప్పిందని మావాడి బడిలో దేంట్లో ఎంత చక్కెరుందో చూపే 'షుగర్ బోర్డు' పెట్టారు. వాడు ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకెళ్లి, స్టూలెక్కి, పొడి డబ్బా దించి, అమ్మమ్మలాగే వెనక్కి తిప్పాడు.

"నాన్నా, నీకు కళ్లజోడుంది కదా. ఇన్నాళ్లూ ఎందుకు చదవలేదు?"

ప్రకటనల్లో పిల్లలు ఇలా మాట్లాడగా నేనెప్పుడూ చూళ్లేదు.