స్కాన్ పీడీఎఫ్ గారికి కడప నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ స్కాన్ చేసిన పీడీఎఫ్ గారి సముఖానికి, కడప నుంచి నదుల లెక్కలతో కుస్తీ పడే ఒకడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పనిలేదు. మిమ్మల్ని ఎవరూ పూర్తిగా చదవలేరు కాబట్టి మీకు ఏమీ కాదు.

సంగతేంటంటే, పెన్నా నది మీద ఇప్పటిదాకా ఎవరెవరో కొలిచి పెట్టిన లెక్కలన్నీ ఆన్‌లైన్‌లో ఒకచోట పెట్టాలని కొందరం పూనుకున్నాం. నది పుట్టిన నంది కొండల నుంచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే మొగ దాకా. 597 కిలోమీటర్ల నది, 55,213 చదరపు కిలోమీటర్ల పరీవాహకం. లెక్కలు దొరకడమే కష్టమనుకున్నాం. అదేం లేదు, ఎవర్ని అడిగినా "డేటా ఉంది సార్, పంపిస్తా" అంటారు, సాయంత్రానికల్లా పంపిస్తారు కూడా. తెరిస్తే మీరుంటారు. ఒక పక్కకు ఒరిగిన పేజీలు, మూలన స్టేపుల్ పిన్ను నీడ, సరిగ్గా ముఖ్యమైన కాలమ్ మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. కమలాపురం అని వెతికితే ఏమీ దొరకలేదంటారు, ఆ పేరేమో పేజీ నడుమ లావు అక్షరాల్లో మమ్మల్ని చూస్తూ ఉంటుంది. ఏందప్పా ఇది?

సరే, చేత్తో కొట్టుకుందామని కూర్చుంటే అసలు నాటకం అప్పుడు మొదలవుతుంది. పెన్నలో కలిసే పాపాఘ్నిలో ఒకరోజు ప్రవాహం 400 అని ఉంటుంది. ఏం 400? క్యూసెక్కులా (సెకనుకు ఘనపుటడుగులు), క్యూమెక్కులా (సెకనుకు ఘనపు మీటర్లు)? ఒక క్యూమెక్కు అంటే 35.3 క్యూసెక్కులు, అంటే మొదటిదైతే పిల్లలు ఈతకు దిగే నీళ్లు, రెండోదైతే వంతెన మీద పోలీసులు నిలబడాల్సిన నీళ్లు. ఆ ముక్క రాసిన పై వరస స్కానర్‌లో పడలేదు. ఇంకోచోట నీటిమట్టం 4.2 మీటర్లు. సముద్రమట్టం నుంచా, గేజీ సున్నా నుంచా, అంటే ఏట్లో నాటిన కొలబద్ద సున్నా గీత నుంచా? కడప పక్కన చెన్నూరు దగ్గరైతే ఊహించుకోవచ్చు, సముద్రానికి వంద మీటర్లకు పైన ఉన్నాం కాబట్టి. మొగ దగ్గర ఈ తెలివి పనిచేయదు. అక్కడ ఆటుపోట్లకు మట్టం గంటగంటకీ మారుతుంది, ఏ గంటకు కొలిచారో రాయకపోతే ఆ అంకె ఉన్నా లేనట్టే. మీరు మాత్రం తేదీ రాసి, సంతకం పెట్టి, రౌండ్ సీలు వేసి, టైం వదిలేస్తారు. సీలు మాత్రం ఎప్పుడూ స్పష్టంగా పడుతుంది, అదేం మాయో!

మొగ ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్తాను. ఎండాకాలంలో పై నుంచి నీళ్లు రాకపోతే సముద్రం ఇసుకను తోసుకొచ్చి మొగను ఇరుకు చేస్తుంది, ఉప్పునీరు నదిలోకి ఎగబాకుతుంది. అక్కడి చేపలు, రొయ్యలు, ఒడ్డు పక్క బావులు అన్నీ ఈ ఉప్పు లెక్క మీదే బతుకుతాయి. ఆ మొగకు చేరాల్సిన మట్టి, ఇసుక ఎక్కడ ఆగుతున్నాయి? గండికోట జలాశయంలో కొంత, మైలవరంలో కొంత, సోమశిలలో కొంత. పైన ఎంత పూడిక పడింది, కింద ఒడ్డు ఎంత కోసుకుపోయింది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కదా నది కథ తెలిసేది. పూడిక లెక్క మీ చివర ఎక్కడో అనుబంధంలో ఉంది. ఉప్పు లెక్క ఎవరో పీహెచ్‌డీ చేసిన అబ్బాయి పెన్ డ్రైవ్‌లో ఉంది, ఆ అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. మీ పెద్దన్న బీరువా, మీ తమ్ముడు పెన్ డ్రైవ్, నడిపోడు మీరు. నది ఒకటే అయినా మీ ముగ్గురికీ మాటల్లేవు.

ఇదంతా నవ్వుకునే విషయమైతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. 2021 నవంబరు 19న పెన్న ఉపనది చెయ్యేరులో వరదొచ్చి, ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగిన నీళ్లు కూడా మీద పడి, అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. రాజంపేట వైపు ఊళ్లు మునిగాయి, మనుషులు పోయారు. ఆ ఏట్లో ఏ ఏడు ఎంత నీళ్లొచ్చాయో, ఎంత సేపట్లో పెరిగాయో తెలుసుకోవాలంటే దిగువ ఊరి పంచాయతీ మెంబరు కూడా ఫోన్‌లో చూసుకోగలగాలి. మీరేమో అక్కడ 3 ఉందో 8 ఉందో చెప్పలేరు.

రహస్యం అని మాత్రం అనకండి. గంగ, బ్రహ్మపుత్ర, సింధు దేశం దాటే నదులు, వాటి ప్రవాహ లెక్కలు అందరికీ ఇవ్వరు. మన పెన్నకు పాస్‌పోర్టు అవసరం లేదు, కర్ణాటక నుంచి ఆంధ్రాకు వచ్చి సముద్రంలో దిగిపోతుంది. పైగా ప్రజల డబ్బుతో సేకరించిన డేటాను కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఇవ్వాలని కేంద్రం 2012లోనే విధానం తెచ్చింది. అప్పటి నుంచి మీరు పొడిగింపు మీద ఉన్నారన్నమాట.

మిమ్మల్ని వెళ్లగొట్టాలని నాకేం లేదు. పాత గేజీ రిజిస్టర్ల చేతిరాతకు మీరే సాక్ష్యం, అనుమానం వస్తే మిమ్మల్నే తెరిచి చూడాలి. కాబట్టి ఆన్‌లైన్‌లో అంకెల పట్టిక పక్కనే మీ పేజీ కూడా పెడతాం, మర్యాదకు లోటు రాదు. కానీ ముందు వరసలో మాత్రం మామూలు సీఎస్‌వీ ఫైలు, అంటే ఏ కంప్యూటరైనా చదివే సాదా అంకెల పట్టిక, కూర్చుంటుంది, దానికి సీలు లేకపోయినా సరే. ప్రతి అంకె పక్కన ఎక్కడ, ఏ తేదీ, ఏ గంట, ఏ పరికరం, ఏ కొలమానం, ఎవర్ని అడగాలి అనేవి ఉంటాయి. మీ లోపలి అంకెలు బయటికి తీయడానికి డిగ్రీ పిల్లల్ని పిలుస్తున్నాం. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా కొడతారు, తేడా వచ్చిన చోట మూడోవాడు అసలు పేజీ చూసి తేలుస్తాడు, అతనికీ తేలకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తాం, ఊహించి నింపం. పనివాళ్లకు టీ మా ఖర్చు. గ్లాసులు మాత్రం రిజిస్టర్లకు దూరంగా వేరే బల్ల మీద పెట్టిస్తాం.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.